గోదావరికి ఎదురుగా, ఎండ తగలని లోతులో బతికే ఆల్చిప్పలు

బడిలో జీవశాస్త్రం చెప్పే ఒక టీచర్ గారి ప్రశ్న ఇది: "గోదావరి తీరానికి ఎదురుగా సముద్రం అడుగున మీథేన్ గ్యాస్ తిని బతికే ఆల్చిప్పలు ఉన్నాయని చదివి పిల్లలకి చెప్పాను. వాళ్ళు ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఎండ లేకుండా ఆహారం ఎలా తయారవుతుంది? అక్కడుండే విషవాయువుకి అవి చచ్చిపోవా? ఒంట్లో బ్యాక్టీరియా ఉంటే జబ్బు కాదా? చివరి బెంచీ కుర్రాడైతే వాటిని కూర వండుకోవచ్చా అన్నాడు. ఏం చెప్పను?"

టీచర్ గారూ, నేను జంతుశాస్త్రం మనిషిని కాను. ముప్పై ఏళ్ళు సముద్రపు బురదతో కాపురం చేసినవాణ్ణి. ఈ ఆల్చిప్పలు నాకు బురదలో తగిలినవే, అందుకని కథ కూడా బురద వైపు నుంచే చెబుతాను. అటు నుంచి చూస్తేనే అవి అలా ఎందుకు బతుకుతున్నాయో తెలుస్తుందని నా అభిప్రాయం.

ముందు చిన్న దిద్దుబాటు. ఏ ఆల్చిప్పా మీథేన్ తినలేదు. మీథేన్‌ని అరిగించుకునే సరంజామా మన ఒంట్లో ఎలా లేదో దాని ఒంట్లోనూ లేదు. అది చేసేది మోత పని. సరుకు తెచ్చి తన మొప్పల్లో ఉండే బ్యాక్టీరియాకి అందిస్తుంది. వంట బ్యాక్టీరియాది. ఇంకో సంగతి, అక్కడున్నవన్నీ మీథేన్ మీద బతికేవి కావు. చాలా వాటికి కావలసింది హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే గ్యాస్. మీథేన్ ఊరే చోట సల్ఫైడ్ ఎలా పుడుతుందన్నది తెలిస్తే సగం కథ తెలిసినట్టే.

మన దగ్గర దొరికిన చోటు సంగతి చెబుతాను. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ వాళ్ళు 2018లో సింధు సాధన నౌక మీద వెళ్ళి, కృష్ణా–గోదావరి బేసిన్‌లో 900 నుంచి 1,800 మీటర్ల లోతులో ఈ ఊటలని పట్టుకున్నారు. మన దేశపు సముద్ర జలాల్లో జీవంతో ఉన్న ఊట దొరకడం అదే మొదలని 2019లో ప్రకటించారు. నీటిలోకి ధ్వని తరంగాలు పంపి చూస్తే అడుగు నుంచి గ్యాస్ బుడగలు పొగలా పైకి లేస్తూ కనిపించాయి. బురదలో రెండు మూడు మీటర్లు దిగితే చాలు, మీథేన్ హైడ్రేట్ గడ్డలు (నీటితో కలిసి మంచులా గట్టిపడిన మీథేన్) తగిలాయి. సహజీవనం చేసే ఆల్చిప్పల కుటుంబాలు నాలుగు దొరికాయి: వెసికోమిడే, మైటిలిడే, థయసిరిడే, సొలెమిడే. అంతకు ముందు 2007లో మారియన్ డుఫ్రెస్న్ అనే ఫ్రెంచి నౌక మీద తీసిన బురద గొట్టంలోనూ (అడుగులోకి గొట్టం గుచ్చి పైకి లాగిన బురద) అదే బేసిన్‌లో కాలిప్టోజెనా జాతి పెంకులు, ఇవీ వెసికోమిడే కుటుంబానివే, దొరికాయి, కానీ అవి వేల ఏళ్ళ కిందట చచ్చినవి. అంటే ఈ ఊటలు ఆ చుట్టుపక్కల ఒకచోట ఆరిపోయి ఇంకోచోట మొదలవుతూ చాలాకాలంగా ఉన్నాయన్నమాట.

వీటిని కోల్డ్ సీప్ అంటారు, చల్లని ఊట. చుట్టూ ఉన్న నీటికన్నా చల్లగా ఉంటుందని కాదు. అగ్నిపర్వతాల దగ్గర సముద్రం అడుగున వేడి నీళ్ళు చిమ్మే బుగ్గలు ముందు దొరికాయి, 1977లో, గాలపగోస్ దీవుల దగ్గర. వాటి నుంచి వేరుగా చెప్పడానికి దీనికి ఆ పేరు పెట్టారు. ఇలాంటి చల్లని ఊట మొదటిసారి 1984లో ఫ్లోరిడా దగ్గర సుమారు 3,200 మీటర్ల లోతులో దొరికింది. అదే ఏడాది జపాన్ వాళ్ళు సగామి అఖాతంలో, హత్సుషిమా దీవి పక్కన ఆల్చిప్పల గుంపుని చూశారు.

ఇక ఆ మీథేన్ ఎక్కడిది? పల్లెల్లో గోబర్ గ్యాస్ ప్లాంటు చూసిన పిల్లలుంటే వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. గాలి తగలకుండా పేడ నానితే అందులోని సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. కృష్ణా, గోదావరి లక్షల ఏళ్ళుగా ఒండ్రు తెచ్చి సముద్రంలో పోస్తున్నాయి. ఆ ఒండ్రుతో పాటు ఆకూ అలమూ, చచ్చిన ప్లవకాలూ (నీటిలో తేలే సూక్ష్మ జీవాలు) అడుగున పూడుకుపోయాయి. అక్కడా జరిగేది గోబర్ గ్యాస్ పనే, కాకపోతే చాలా నిదానంగా. ఆ బేసిన్ హైడ్రేట్లలోని మీథేన్ ఎక్కువ భాగం ఇలా సూక్ష్మజీవులు చేసిందే. ఆ లోతులో ఉండే ఒత్తిడికి, చలికి గ్యాసు నీటి అణువుల పంజరంలో చిక్కి మంచుగడ్డలా గట్టిపడుతుంది. అదే హైడ్రేట్. ఒక గ్లాసెడు హైడ్రేట్ కరిగితే 160 గ్లాసులకు పైగా గ్యాస్ వస్తుంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం వాళ్ళు జోయిడెస్ రిజల్యూషన్ నౌకతో తవ్వినప్పుడు ఈ బేసిన్‌లో దళసరి నిక్షేపం బయటపడింది.

ఇలాంటి చోట బురద గొట్టం డెక్ మీదకి రావడం చూడాలి మీరు. లోపల గ్యాసు ఉబ్బి బురద పగుళ్ళు ఇస్తుంది, పులిసిన దోసెల పిండిలా చిల్లులు చిల్లులుగా కదులుతుంది. మధ్య మధ్య తెల్లటి ముక్కలు చిటపటమంటూ ఉంటాయి, సోడా కొట్టినప్పటి చప్పుడు. ఒకటి చేతిలోకి తీసుకుంటే అరచేయి చురుక్కుమని, చూస్తుండగానే నీళ్ళయిపోతుంది. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. కోరంగి మడ అడవిలో నల్ల బురదలో కాలు దిగబడినప్పుడు గుప్పుమంటుందే, అదే వాసన పదింతలు. కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. మేము మాత్రం వాసన వస్తే సంతోషించేవాళ్ళం, సరైన చోట దించామని.

ఆ వాసన దగ్గరే అసలు విషయం ఉంది. బురదలోకి నాలుగు వేళ్ళు దిగితే ఆక్సిజన్ ఉండదు. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు మాత్రం దండిగా ఉంటుంది. కింద నుంచి మీథేన్ వస్తుంది, పై నుంచి సల్ఫేటు దిగుతుంది. ఈ రెండూ కలిసే చోట ఆర్కియాలు (బ్యాక్టీరియాలా కనిపించే వేరే రకం సూక్ష్మజీవులు), బ్యాక్టీరియా గుత్తులుగా చేరి ఉంటాయి. ఆర్కియా మీథేన్‌ని విడగొడుతుంది, పక్కనున్న బ్యాక్టీరియా సల్ఫేటుతో ఆ పని పూర్తిచేస్తుంది. మిగిలేవి రెండు, సల్ఫైడ్, బైకార్బొనేట్. బైకార్బొనేట్ కాల్షియంతో కలిసి సున్నపు రాయిలా గడ్డకడుతుంది, ఆ రాళ్ళు మసెల్స్‌కి (పీచుతో అంటుకుని ఉండే ఆల్చిప్పలు, పైన చెప్పిన మైటిలిడే కుటుంబం) పట్టుకోవడానికి ఆసరా అవుతాయి. సల్ఫైడ్ ఆల్చిప్పలకి ఆస్తి అవుతుంది. ఈ గుత్తుల్ని 2000లో అమెరికా పసిఫిక్ తీరానికి అవతల హైడ్రేట్ రిడ్జ్ దగ్గర స్పష్టంగా చూపించారు. అంతదాకా ఆక్సిజన్ లేకుండా మీథేన్ ఎలా మాయమవుతోందో మా బురద వాళ్ళందరికీ పెద్ద తలనొప్పి.

సల్ఫైడ్‌లో శక్తి ఉంది. దాన్ని ఆక్సిజన్‌తో కలిపితే శక్తి బయటికొస్తుంది, బ్యాక్టీరియా ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ని ఆహారంగా మారుస్తుంది. తమాషా ఏమిటంటే, వెసికోమిడ్ ఆల్చిప్పల్లోని బ్యాక్టీరియా దీనికి వాడే రసాయన చక్రం మన వరి ఆకులో జరిగే కాల్విన్ చక్రమే. ఎండ స్థానంలో సల్ఫైడ్, అంతే తేడా. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి, కిరణజన్య సంయోగక్రియ పాఠంలో సగం ఇక్కడా పనికొస్తుంది.

చిక్కల్లా ఇక్కడే. సల్ఫైడ్ బురదలో ఉంటుంది, ఆక్సిజన్ పై నీళ్ళలో ఉంటుంది. రెండూ కలిస్తే వాటంతట అవే రసాయన చర్య జరుపుకుని ఖర్చైపోతాయి, ఒకేచోట నిలవ ఉండవు. ఒంటరి బ్యాక్టీరియాకి ఆ రెండిటి సరిహద్దులో, సన్నటి గీత మీద మాత్రమే బతుకు. ఆల్చిప్ప ఆ కష్టం తీరుస్తుంది. కావడి మోసేవాడిని తలచుకోండి, అటొక కుండ, ఇటొక కుండ. వెసికోమిడ్ ఆల్చిప్ప సగం బురదలో నిలువుగా కూరుకుని, మెత్తటి పాదాన్ని చీలికల్లోకి కిందికి చాపుతుంది. ఆ పాదం గుండా సల్ఫైడ్ లాక్కుంటుంది. పైనున్న గొట్టాల్లాంటి వాటితో నీరు పీల్చి మొప్పలతో ఆక్సిజన్ తీసుకుంటుంది. రెండూ రక్తంలో ప్రయాణించి మొప్పల్లో బ్యాక్టీరియా దగ్గరికి చేరతాయి.

విషం ప్రశ్నకి జవాబూ ఈ రక్తంలోనే ఉంది. సల్ఫైడ్ మన కణాల్లో సైనైడ్ పట్టుకునే ఎంజైమునే పట్టుకుని ఊపిరి ఆపేస్తుంది. మన డ్రైనేజీ గుంతల్లో దిగినవాళ్ళ ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ గ్యాసే. ఈ ఆల్చిప్ప రక్తంలో మాత్రం సల్ఫైడ్‌ని గట్టిగా పట్టుకుని మోసే, జింకు ఉన్న పదార్థం ఒకటి ఉంటుంది. దాని పట్టులో ఉన్నంతసేపు సల్ఫైడ్ ఎవరినీ ఏమీ చేయదు, దారిలో ఆక్సిజన్‌తో కలిసి వృథా కాదు కూడా. ఆక్సిజన్ మోయడానికి వేరుగా హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే వీటిని తెరిస్తే మాంసం ఎర్రగా ఉంటుంది. కాకినాడ అఖాతంలో దొరికే ఒక రకం ఆల్చిప్ప కోస్తే కూడా నెత్తురులా ఎర్రగా కారుతుంది, తీరం వాళ్ళకి తెలుసు. అదీ హిమోగ్లోబినే. దానికి మాత్రం ఇలాంటి అద్దెవాళ్ళు లేరు.

జబ్బు కాదా అన్న పిల్లకి, ఈ వారం వేరుశనగ మొక్కో మినుము మొక్కో వేళ్ళతో సహా పీకి తెమ్మనండి. వేళ్ళకి బుడిపెలుంటాయి. బ్లేడుతో ఒకటి కోస్తే లోపల లేత గులాబీ రంగు. అదీ హిమోగ్లోబిన్ లాంటిదే, లెగ్‌హిమోగ్లోబిన్. లోపల బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని ఎరువుగా మారుస్తోంది, మొక్క దానికి చక్కెర పెడుతోంది. ఆ మొక్కకి జబ్బు చేసిందని ఏ రైతూ అనడు, అదే పైరుకి బలం అంటాడు. ఆల్చిప్ప మొప్పలూ అలాంటి బుడిపెలే అనుకోవచ్చు. మామూలు ఆల్చిప్ప మొప్ప ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది. వీటివి దళసరిగా, కండలా ఉంటాయి, దాదాపు ఒంట్లో పెద్ద భాగం అవే. పేగు మాత్రం చిక్కిపోయి పేరుకి మిగిలింది. సొలెమిడే కుటుంబంలో కొన్నిటికి అసలు పేగే లేదు.

ఒంట్లో బ్యాక్టీరియా ఉందని మొదట ఊహించింది కూడా ఒక విద్యార్థిని. 1980లో హార్వర్డ్‌లో, గాలపగోస్ దగ్గర దొరికిన నోరూ పేగూ లేని పెద్ద గొట్టపు పురుగుల మీద ఉపన్యాసం జరుగుతోంది. పురుగు లోపల గంధకపు పలుకులు కనిపించాయని వక్త అన్నారు. కొలీన్ కవనా అనే విద్యార్థిని లేచి, అయితే లోపల గంధకం వాడుకునే బ్యాక్టీరియా ఉండి తీరాలంది. మరుసటి ఏడాదే రుజువు చూపించింది. మీ క్లాసులో మధ్యలో లేచి మాట్లాడే పిల్లల్ని కూర్చోబెట్టే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

నిజంగా మీథేన్ మీద ఆధారపడేవి మసెల్స్. వీటికి బాగా పేరొచ్చిన చోటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో, లూసియానా తీరానికి అవతల. అక్కడ 650 మీటర్ల లోతులో సముద్రం అడుగున ఒక చెరువుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజమే. నాలుగింతల ఉప్పుతో బరువెక్కిన నీళ్ళు, మామూలు నీటితో కలవకుండా గుంటలో నిలిచిపోయాయి. ఆ ఉప్పు నీటిలో మీథేన్ దండిగా ఉంటుంది. చెరువు గట్టు చుట్టూ పసుపు, గోధుమ రంగు మసెల్స్ ఒకదాన్నొకటి పీచుతో పట్టుకుని గుంపుగా కూర్చుంటాయి. లోపలికి జారితే చావు, దూరం జరిగితే ఆకలి.

వీటి మొప్పల్లో బ్యాక్టీరియాని 1986లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ఆ బ్యాక్టీరియా లోపల పొరలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా. మీథేన్ తినే బ్యాక్టీరియాకి అదొక గుర్తు. బతికున్న మసెల్‌ని మీథేన్ కలిసిన నీటిలో పెడితే మీథేన్ తగ్గిపోతూ వచ్చింది, ఆక్సిజన్ తీసేస్తే ఆగిపోయింది. 1988లో ఇంకో జట్టు మీథేన్ తప్ప వేరే తిండి ఏమీ ఇవ్వకుండా పెంచి, పెంకు పెరగడం కొలిచింది. మీథేన్ ఆపగానే పెరుగుదలా ఆగింది. నాకైతే ఈ రెండో ప్రయోగమే గట్టి సాక్ష్యం.

మా బురద వాళ్ళ సాక్ష్యం వేరు, కార్బన్ లెక్క. కార్బన్‌లో తేలిక రకం 12, కొంచెం బరువు రకం 13. సూక్ష్మజీవులు మీథేన్ చేసేటప్పుడు తేలిక రకాన్నే ఎక్కువ వాడతాయి. ఒక ప్రమాణం కన్నా 13 రకం వెయ్యికి ఎన్ని పాళ్ళు తక్కువుందో మైనస్ అంకెలో చెబుతాం. ప్లవకాలు తిని బతికే జీవి మాంసం కొలిస్తే సుమారు మైనస్ 20 వస్తుంది. గల్ఫ్ మసెల్ మాంసానికి మైనస్ 50 దాటి వచ్చింది. ఏ తిండి తిన్నావో దాచలేవు, కార్బన్ చెప్పేస్తుంది.

బ్యాక్టీరియా చేసిన ఆహారం ఆల్చిప్పకి ఎలా అందుతుందని మీ పిల్లలు అడగలేదు కానీ అడగాల్సిందే. రెండు దారులున్నాయి. ఒకటి మేకని పెంచి పాలు పిండుకోవడం, రెండోది కోసుకుని కూర వండుకోవడం. గల్ఫ్ మసెల్ ఎక్కువగా రెండో దారే. తన కణంలో ఉన్న బ్యాక్టీరియాని కొద్దికొద్దిగా అరిగించుకుంటుంది, మిగిలినవి పిల్లలు పెడుతూ ఉంటాయి. సహజీవనం అనగానే చేయీ చేయీ పట్టుకుని నడిచే స్నేహం అనుకుంటాం. ఇది మందని మేపుకునే కాపరి లెక్క. మసెల్ నోరు కూడా పూర్తిగా మూసుకోలేదు, నీటిలో తేలొచ్చే నలుసులు దొరికితే వదలదు.

బ్యాక్టీరియా తర్వాతి తరానికి ఎలా చేరుతుందన్న విషయంలో రెండు జాతుల దారులూ వేరు. వెసికోమిడ్ ఆల్చిప్పది తోడు పెరుగు పద్ధతి. తల్లి గుడ్డులోనే కాస్త బ్యాక్టీరియా పెట్టి పంపుతుంది. అలా లక్షల ఏళ్ళు ఇంటి పట్టున ఉండిపోయిన బ్యాక్టీరియాకి బయట బతకడానికి కావలసిన జన్యువులు చాలా వరకు పోయాయి. సగామి అఖాతం ఆల్చిప్పలో ఉండే దాని జన్యుపటం పది లక్షల అక్షరాలకు కొంచెం పైన, అంతే. మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి 46 లక్షలు. ఇక ఇది వేరు కాపురం పెట్టలేదు. మసెల్ పిల్ల మాత్రం ఖాళీ చేతులతో పుడుతుంది. గల్ఫ్ మసెల్ లార్వాలు నెలల తరబడి ఈదుతూ సముద్రం పై పొరల దాకా వస్తాయి. అక్కడ ప్లవకాలు తింటూ, చివరికి ఎక్కడో ఊట మీద దిగాక చుట్టూ ఉన్న నీటి నుంచి బ్యాక్టీరియాని చేర్చుకుంటాయి. పక్కింట్లో తోడు అడిగి తెచ్చుకున్నట్టు. కొత్త ఊరికి కొత్త తోడు కాబట్టి, ఆ చోటికి సరిపోయే రకం దొరుకుతుంది.

సగామి అఖాతంలో ఇంకో ముచ్చట కనిపించింది. అడుగున కెమెరా పెట్టి రోజుల తరబడి చూస్తే, నీటి వేడి డిగ్రీలో పదో వంతో రెండు వంతులో పెరగగానే మగ ఆల్చిప్పలు వీర్యం వదిలాయట, ఆ తర్వాత ఆడవి గుడ్లు. చీకట్లో, ఆ చలిలో అంత చిన్న తేడాని గుర్తుపట్టి కబురందుకుంటాయి.

ఎండ లేకుండా జీవం అన్న మాటకి చిన్న మెలిక ఉంది, పిల్లలకి ఇది జాగ్రత్తగా చెప్పండి. ఆ చీకట్లో బ్యాక్టీరియా వాడే ఆక్సిజన్ ఎక్కడిది? పైన ఎండలో మొక్కలూ ప్లవకాలూ వదిలిందే, చల్లటి నీటితో కిందికి దిగింది. ఆ మీథేన్ ఎక్కడిది? ఒకప్పుడు ఎండలో పెరిగి ఒండ్రు కింద పూడిన ఆకూ అలమూ నుంచే. కాబట్టి ఎండతో సంబంధం లేదనడం సరి కాదు, ఇవాళ్టి ఎండతో లేదు అనాలి. నాసిక్ దగ్గర ఎప్పుడో చిగురించిన ఆకు గోదావరిలో కొట్టుకొచ్చి, వేల ఏళ్ళ తర్వాత ఆల్చిప్పకి బువ్వ కావడానికి అడ్డేమీ లేదు.

నా పొరపాటొకటి చెబుతాను, పై చదువులకి వెళ్ళే పిల్లలకి పనికొస్తుంది. మొదట్లో ఒకసారి బురదలో బతికున్న ఆల్చిప్పలు దొరికితే, పాడవకూడదని టెన్షన్‌లో అన్నిటినీ ఫార్మలిన్‌లో వేసేశాను. ఆకారం చక్కగా నిలిచింది. ఏడాది తర్వాత ఒక స్నేహితురాలు మొప్పల్లోని బ్యాక్టీరియా డీఎన్ఏ తీద్దామని వచ్చింది. ఫార్మలిన్ దాన్ని ముక్కలు చేసేసింది, పనికొచ్చేది ఏమీ రాలేదు. ఆవిడ ఏమీ అనలేదు, నేనే సిగ్గుపడ్డాను. అప్పటి నుంచి దొరికినదాన్ని మూడు వాటాలు వేస్తున్నాను: ఒకటి ఆల్కహాల్‌లో, ఒకటి గడ్డకట్టే చలిలో, ఒకటే ఫార్మలిన్‌లో.

ఇక చివరి బెంచీ కుర్రాడికి. కూరకి పనికిరావు బాబూ. కిలోమీటరు లోతు నుంచి నాలుగు చిప్పలు తేవడానికి నౌక అద్దె కట్టాలి, అది పక్కన పెట్టినా వాటి ఒళ్ళంతా గంధకమే. ఒకసారి మొప్ప కోసిన కత్తిని సబ్బుతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదు, ఆ రోజు మెస్సులో వంటాయన నా చేతికి ప్లేటు ఇవ్వకుండా బల్ల మీద పెట్టి తీసుకోమన్నాడు.